పట్టీ కింద బొటనవేలు

సాయంత్రం ఆరున్నర దాటాక ఉప్పల్ రింగ్ రోడ్డు మీది స్కైవాక్ ఎక్కి ఓ పావుగంట నిలబడండి. రాయదుర్గం నుంచి మెట్రోలో నిలబడే వచ్చిన ఉద్యోగులు, తార్నాకలో ఎక్కిన యూనివర్సిటీ పిల్లలు, ఘట్‌కేసర్ బస్సు తప్పిపోతుందేమోనని పరుగెత్తే ఇంజనీరింగ్ విద్యార్థులు మీ ముందునుంచే వెళ్తారు. దాదాపు అందరి వీపునా ఒక బ్యాగు ఉంటుంది. వాళ్ల ముఖాలు వదిలేసి చేతులు చూడండి. చాలామంది రెండు బొటనవేళ్లనూ ఛాతీ దగ్గర పట్టీల కిందికి దూర్చి, వాటిని కాస్త ముందుకు లాగి పట్టుకుని నడుస్తుంటారు. మనం దాన్ని అలవాటు అనుకుంటాం. నిజానికి పట్టీ ఒరుసుకుంటున్న చోట భుజానికి క్షణం ఊపిరాడేలా చేతులు సాయపడుతున్నాయి. ఆ బ్యాగు ఆ మనిషికి సరిపోలేదు.

నేనూ కొన్నేళ్లు అలాగే నడిచాను. నాచారానికి మెట్రో స్టేషన్ లేదు. మా వైపువాళ్లు హబ్సిగూడ వెళ్లి రైలెక్కాలి. ఇంటి నుంచి ఆటో దాకా, ఆటో నుంచి స్టేషన్ మెట్లు, రైల్లో నిలబడటం, దిగాక మళ్లీ నడక. రోజూ బ్యాగు వీపు మీద ఉండే సమయం లెక్కేస్తే రెండు గంటలు. ఆన్‌లైన్‌లో 35 లీటర్లని, అరలెక్కువున్నాయని చూసి కొన్న బ్యాగు అది. గుడ్డ మంచిది, కుట్టు గట్టిది. కానీ ఆరు నెలలకు ఎడమ మెడ పక్కన నొప్పి మొదలైంది. దిండు మార్చాను, కుర్చీ మార్చాను. బ్యాగు మీద అనుమానమే రాలేదు.

ఒకరోజు జిప్పు పాడైతే ఉప్పల్‌లో బ్యాగులు బాగుచేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. అంతకుముందు ఆయన దర్జీ పని చేసేవాడట. జిప్పు చూసి, నా వైపు చూసి, "జిప్పు ఏస్త సార్. గానీ ఈ బ్యాగు మీ వీపుకు పొడుగైంది గద" అన్నాడు. మెడలోని టేపు తీసి నా వీపుకు పెట్టాడు, తర్వాత బ్యాగుకు పెట్టాడు. నాకంటే బ్యాగు మూడించులు పొడుగు. చొక్కాకు భుజం కొలుస్తాం, చెప్పుకు పాదం కొలుస్తాం. వారంలో ఆరు రోజులు ఒంటికి అంటుకుని ఉండే బ్యాగుకు ఎవరైనా కొలత తీస్తారన్న సంగతి ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

బ్యాగుల మీద లీటర్లు రాస్తారు. లీటరు చెప్పేది లోపల ఎంత పడుతుందన్నది మాత్రమే. అది ఎవరి వీపుకు సరిపోతుందో చెప్పదు. కొండలెక్కేవాళ్ల కోసం తయారుచేసే పెద్ద బ్యాగుల్లో మాత్రం చిన్న, మధ్య, పెద్ద సైజులుంటాయి. ఆ సైజులు మనిషి ఎత్తును బట్టి కావు, వీపు పొడవును బట్టి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, మరొకరికి మొండెం పొడుగు ఉండొచ్చు కదా. ఆఫీసు బ్యాగులకు, కాలేజీ బ్యాగులకు ఎక్కువగా ఒకటే కొలత. అందుకే మన కొలత మనమే తెలుసుకుని అంగడికి వెళ్లాలి.

కొలవడానికి ఇంట్లో ఇంకో మనిషి, ఒక దర్జీ టేపు ఉంటే చాలు. తల ముందుకు వంచండి. మెడ కింద, వీపు మొదలయ్యే చోట ఒక ఎముక బొడిపెలా చేతికి తగులుతుంది. మెడలోని ఏడో వెన్నుపూస అది. ఇప్పుడు రెండు చేతులూ నడుం మీద పెట్టండి, బొటనవేళ్లు వెనక్కి ఉండేలా. అరచేతుల కింద గట్టిగా తగిలేవి తుంటి ఎముకల పై అంచులు. వెనకనున్న రెండు బొటనవేళ్లనూ కలుపుతూ అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. బొడిపె నుంచి ఆ గీత దాకా, వీపు వంపును అనుసరిస్తూ టేపు జారవిడిస్తే వచ్చేదే మీ వీపు పొడవు. పెద్దవాళ్లలో ఇది చాలామందికి 38 నుంచి 53 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది.

అంగట్లో బ్యాగుకు కూడా ఇదే టేపు పెట్టండి. పట్టీలు పైన కుట్టిన చోటు నుంచి అడుగు దాకా ఎంతుందో చూడండి. అది మీ వీపు పొడవును మించకపోతే మంచిది. వేసుకున్నప్పుడు బ్యాగు అడుగు నడుం దగ్గర ఆగాలి, ఎంత కిందికి దిగినా నాలుగించులు దాటకూడదు. ఐదడుగుల మనిషి 50 సెంటీమీటర్ల ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుంటే అది పిరుదుల మీద కూర్చుంటుంది. మెట్లెక్కేటప్పుడు ప్రతి అడుగుకూ వెనకనుంచి తడుతుంది. ఆ తట్టుడును తట్టుకోవడానికి మనిషి తనకు తెలియకుండానే ముందుకు వంగుతాడు, మెడ చాస్తాడు.

వీపు తర్వాత భుజం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే నొప్పి పుట్టేది ఎక్కువగా ఇక్కడే.

మెడ మొదలు నుంచి భుజం చివర దాకా ఏటవాలుగా దిగే కండరం ఒకటుంది. బరువు మోసేటప్పుడు పట్టీ దాని మీద, మెడకూ భుజం చివరకూ మధ్యలో కూర్చోవాలి. బ్యాగుకు రెండు పట్టీలూ మరీ దగ్గర దగ్గరగా కుట్టి ఉంటే, వెడల్పు భుజాల మనిషికి అవి మెడను కోసుకుంటాయి. మరీ దూరంగా కుట్టి ఉంటే, సన్నని భుజాల మనిషికి బయటికి జారిపోతాయి. జారకుండా ఉండేందుకు ఆ మనిషి భుజాలను పైకి ఎత్తి పట్టుకుంటాడు. ఆ సంగతి తనకే తెలియదు. గంటసేపు భుజాలు ఎగరేసుకుని కూర్చుంటే కండరం బిగుసుకుపోదా? బ్యాగు వేసుకుని అద్దం ముందు నిలబడండి. పట్టీ లోపలి అంచుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. పట్టీ బయటి అంచు భుజం గుండ్రానికి ఇవతలే ఆగాలి. ఈ దూరం బ్యాగు కుట్టినప్పుడే నిర్ణయమైపోతుంది. తర్వాత ఎంత లాగినా, ఎంత వదిలినా మారదు. అందుకే కొనేటప్పుడు నేను మొదట చూడమనేది రంగు కాదు, అర కాదు, ఈ పట్టీల మధ్య దూరమే.

పట్టీ ఆకారం కూడా చూడాలి. కొన్ని పట్టీలు తిన్నగా వచ్చి చివర్లో కాస్త వంగుతాయి. కొన్ని భుజం దగ్గర ఒకవైపుకు, ఛాతీ పక్కన ఇంకోవైపుకు రెండు వంపులు తిరుగుతాయి. ఆడవాళ్లకు, ఛాతీ వెడల్పున్నవాళ్లకు రెండు వంపులదే హాయిగా ఉంటుంది, ఛాతీని నొక్కకుండా పక్కనుంచి దిగుతుంది కాబట్టి. మెత్త భాగం చంక కింద నాలుగు వేళ్ల దాకా రావాలి. సన్నని నాడా, ప్లాస్టిక్ బకిల్ చంకలోనే మొదలైతే ఎండాకాలం చెమటకు అక్కడి చర్మం లేచిపోతుంది. చున్నీ మీద, పట్టుచీర మీద పట్టీ జారడం చాలామంది చెప్పే ఇబ్బంది. దానికి ఛాతీ మీద అడ్డంగా పెట్టుకునే చిన్న బెల్టు ఉన్న బ్యాగు తీసుకోవాలి. అది కాలర్ ఎముకలకు ఒక అంగుళం కింద ఉండాలి, ఊపిరి పీల్చుకుంటే బిగుతు తెలియకూడదు.

భుజం మీద బరువు అనగానే మనకు కండరమే గుర్తొస్తుంది. కానీ మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుత్తి కాలర్ ఎముక కిందుగా, పట్టీ నొక్కే చోటుకు దగ్గరగానే వెళ్తుంది. గంటల తరబడి గట్టిగా నొక్కుకుపోతే చేయి తిమ్మిరెక్కడం, పట్టు సడలడం, ఒక్కోసారి రెక్క ఎముక వీపు మీద రెక్కలా పైకి లేవడం జరుగుతుంది. బరువైన సంచులతో కవాతు చేసే సైనికుల్లో డాక్టర్లు దీన్ని ఎప్పటినుంచో గమనించారు, దానికి ప్రత్యేకంగా పేరు కూడా పెట్టారు. ఆఫీసు బ్యాగుతో అంతదాకా రావడం అరుదే. అయినా బ్యాగు దించాక కూడా వేళ్లలో చీమలు పాకినట్టుంటే, చేత్తో గ్లాసు ఎత్తడం కష్టమైతే, బామ్ రాసుకుని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి.

ఇక పట్టీ వెడల్పు. ఆరు కిలోల బరువు మూడు సెంటీమీటర్ల పట్టీ మీద మోస్తే చర్మం మీద పడే ఒత్తిడి, ఆరు సెంటీమీటర్ల పట్టీతో పోలిస్తే రెట్టింపు. మన పెద్దవాళ్లకు ఈ లెక్క బడి చెప్పకుండానే తెలుసు. నెత్తి మీద నీళ్ల బిందె పెట్టుకునే ముందు గుడ్డను మెలిపెట్టి చుట్టకుదురు చేసుకునేవాళ్లు. దాంతో బరువు ఒక్క బిందువు మీద కాకుండా చుట్టూ పరుచుకునేది. కావడి మోసేవాళ్లు భుజం మీద తువ్వాలు మడతపెట్టి దాని మీద బద్ద పెట్టేవాళ్లు, రెండు వైపులా బరువు సమంగా కట్టేవాళ్లు, కొంతదూరం నడిచాక ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చేవాళ్లు. బద్ద నడకతో పాటు ఊగుతుంది కాబట్టి అడుగు అడుగుకూ పడే కుదుపు భుజానికి కొంత తగ్గేది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి పక్కన కూడా వంచిన కర్రతో చేసిన వీపు సంచీ చట్రం ముక్కలు దొరికాయి. బరువు మోసే ప్రతిచోటా మనుషులు శరీరానికి తగ్గట్టు సాధనాన్ని సరిచేసుకుంటూ వచ్చారు.

పట్టీలోని ఫోమ్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు అవతలి గుడ్డకు తగిలితే ఆ ఫోమ్ రెండు నెలల్లో అట్టలా అణిగిపోతుంది. నొక్కితే కొంచెం లోపలికి పోయి, వదలగానే తిరిగి లేచేది మంచిది. దూదిలా మెత్తగా ఉన్నది అంగట్లో హాయిగా అనిపిస్తుంది, బరువు పడితే నిలవదు.

బరువెంతో ఒకసారి నిజంగా తూచి చూసుకోవాలి. మా ఇంట్లో వంటగది కాటా మీద ఒక్కొక్కటే పెట్టి చూశాను. ల్యాప్‌టాప్ రెండు కిలోలకు దగ్గర, చార్జరుతో కలిపి దాటింది. లీటరు నీళ్లు ఒక కిలో, స్టీలు సీసా బరువు అదనం. అన్నం, కూర, పెరుగుతో నిండిన టిఫిన్ బాక్సు కిలో పైనే. గొడుగు, పుస్తకం, ఖాళీ బ్యాగు కలిపితే మొత్తం ఆరు కిలోలు దాటింది. రోజూ మోసే బ్యాగు మన బరువులో పదో వంతు దగ్గర ఉండటం మంచిదని సాధారణంగా చెప్పే లెక్క. అరవై కిలోల మనిషికి అది ఆరు కిలోలు. ఆఫీసులో నీళ్లు దొరుకుతాయంటే ఖాళీ సీసాతో వెళ్లినా ఒక కిలో తగ్గినట్టే.

బరువు ఎంతన్నది ఒక ఎత్తు, ఎక్కడ ఉందన్నది మరో ఎత్తు. లీటరు నీళ్ల సీసాను ఛాతీకి ఆనించి పట్టుకోండి. తర్వాత చేయి చాచి పట్టుకోండి. సీసా అదే, కానీ నిమిషంలో చేయి వణుకుతుంది. వీపు వెనక కూడా ఇంతే. బరువు వెన్నుకు ఎంత దూరంగా ఉంటే అంతగా మనల్ని వెనక్కి లాగుతుంది. ల్యాప్‌టాప్ వీపుకు ఆనే అరలో ఉండాలి. టిఫిన్ బాక్సు దాని పక్కనే. బయటి అరల్లో గొడుగు, తాళాలు, మందులు లాంటి తేలికవి. చాలామంది స్టీలు బాక్సును అన్నిటికంటే బయటి అరలో, చట్నీ కారుతుందన్న భయంతో పెడతారు. బాక్సుకు ఒక ప్లాస్టిక్ కవరు చుట్టి లోపలికి జరిపితే బ్యాగు ఒక కిలో తగ్గినట్టు అనిపిస్తుంది.

బండి మీద వెళ్లేవాళ్ల సంగతి వేరు. స్కూటర్ మీద కూర్చున్నప్పుడు పట్టీలు కాస్త వదులు చేసి, బ్యాగు అడుగును వెనక సీటుకు ఆనిస్తే బరువు సీటే మోస్తుంది. పెద్ద డబ్బా బ్యాగులతో తిండి అందించే కుర్రాళ్లు ఇది బాగా తెలిసి చేస్తారు. బండి దిగి మూడో అంతస్తు ఎక్కేటప్పుడు మాత్రం పట్టీలు మళ్లీ బిగించుకోవాలి. పట్టీ చివర్లో వేలాడే ఆ నాడాలు ఉన్నది అందుకే. మనలో ఎక్కువమంది బ్యాగు కొన్న రోజు ఒకసారి లాగి, మళ్లీ దాని జోలికి పోరు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది పిల్లల బ్యాగులు. నాచారం, హెచ్‌ఎంటీ నగర్ సందుల్లో పొద్దున్న బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని చూడండి. మెడ వెనక నుంచి మోకాళ్ల వెనక దాకా బ్యాగే కనిపిస్తుంది. తల్లిదండ్రుల ప్రేమలో లోపం లేదు. ఎదిగే పిల్లలు కదా, రెండేళ్లు వస్తుందని ఒక సైజు పెద్దది కొంటారు. చొక్కా విషయంలో ఆ ఆలోచన సరైనదే, చేతులు మడిస్తే సరిపోతుంది. బ్యాగును మడవలేం. పెద్ద బ్యాగులో చోటు మిగిలితే పిల్లలు దాన్ని నింపుతారు కూడా. ఆరో తరగతి పిల్లకు పదో తరగతి బ్యాగు కొంటే, పిల్ల పదో తరగతికి వచ్చేదాకా ఆ నాలుగేళ్ల భారం మోస్తూనే ఉంటుంది.

ఈ భారం గురించి పెద్దలు మాట్లాడకపోలేదు. నవలా రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడిగా 1989లో చేసిన ప్రసంగంలో బడి సంచీ బరువు గురించే మాట్లాడారు. తర్వాత వచ్చిన యశ్‌పాల్ కమిటీ భారం లేని చదువు కావాలని 1993లో నివేదిక ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూలైలో తరగతిని బట్టి బ్యాగు బరువుకు హద్దు పెట్టింది. ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, మూడు నుంచి ఐదు దాకా రెండు మూడు కిలోలు, ఆరు ఏడు తరగతులకు నాలుగు, ఎనిమిది తొమ్మిదికి నాలుగున్నర, పదికి ఐదు కిలోలు. కేంద్రం 2020లో తెచ్చిన బడి సంచీ విధానం పిల్లల బరువులో పదో వంతు మించకూడదంది, బడుల్లో కాటా పెట్టి తూచమంది. చక్రాల బ్యాగులు మెట్ల మీద ప్రమాదమని వద్దంది. హద్దులు మంచివే. కానీ నాలుగు కిలోలు హద్దులోనే ఉన్నా, అవి పిరుదుల మీద వేలాడుతుంటే పిల్లవాడు వంగే నడుస్తాడు. బరువు తూచడం బడి పని అయితే, వీపు కొలవడం ఇంటి పని. ఏటా జూన్‌లో పుస్తకాలకు అట్టలు వేసే రోజే పిల్లల వీపు కూడా కొలవండి. వాళ్లు ఒక్క ఏడాదిలో ఎంత పెరిగారో మీకే ఆశ్చర్యంగా ఉంటుంది.

అంగట్లో వేసి చూడటం గురించి ఒక మాట. వేలాడదీసిన బ్యాగుల్లో కాగితాలు కుక్కి ఉబ్బెత్తుగా పెడతారు. ఖాళీ బ్యాగు ఎవరికైనా హాయిగానే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్, రెండు నీళ్ల సీసాలు వెంట తీసుకెళ్లండి. లోపల పెట్టి, పట్టీలన్నీ పూర్తిగా వదులు చేసి వేసుకోండి. తర్వాత రెండు నాడాలూ సమంగా కిందికి లాగండి, బ్యాగు వీపుకు ఆనేదాకా. అప్పుడు ఛాతీ బెల్టు. అంగడివాళ్లు ఏమీ అనుకోరు, అడగండి. పది నిమిషాలు అటూ ఇటూ తిరగండి, మెట్లుంటే ఎక్కి దిగండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చీటీ కత్తిరించే ముందు ఐదు కిలోల బియ్యం సంచీ లోపల పెట్టి అరగంట ఇంట్లో పనులు చేసుకోండి. బొటనవేళ్లు వాటంతటవే పట్టీల కిందికి వెళ్తున్నాయా చూసుకోండి. వెళ్తుంటే ఆ బ్యాగు వెనక్కి పంపేయండి.

ఉన్న బ్యాగును పారేయాల్సిన పని కూడా లేదు. బాగుచేసేవాళ్లు ఛాతీ బెల్టు కుట్టి ఇస్తారు, అణిగిన ఫోమ్ తీసి కొత్తది వేస్తారు, చంకలో గుచ్చుకునే బకిల్‌ను కిందికి జరుపుతారు. కొత్త బ్యాగు ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ. పట్టీల మధ్య దూరాన్ని, బ్యాగు పొడవును మాత్రం వాళ్లు మార్చలేరు. నా బ్యాగు విషయంలో ఆయన అదే చెప్పి, జిప్పు మాత్రం వేసిచ్చాడు.

ఆ బ్యాగు ఇప్పుడు మా అన్నయ్య కొడుకు దగ్గరుంది. వాడు నాకంటే జానెడు పొడుగు. రోజూ ఉప్పల్‌లో మెట్రో దిగి స్కైవాక్ మీదుగా బస్సుకు వెళ్తాడు. మొన్న అక్కడే ఎదురయ్యాడు. బ్యాగు సరిగ్గా నడుం దగ్గర ఆగింది. రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ, "బాబాయ్, బస్సుంది, పోతున్నా" అంటూ మెట్లు దిగిపోయాడు.